రెండిళ్ల పేక

కస్తెలాన్ అన్నదమ్ములు తండ్రిని మట్టిచేసిన మర్నాడే ఇంట్లోని కంచాలూ కుర్చీలూ పంచుకున్నారు. చివరికి బల్ల మీద టారో పేక ఒక్కటి మిగిలింది. సూర్యుడూ చంద్రుడూ రాజులూ రాణుల బొమ్మలతో, ముత్తాతల నాడు మార్సెయ్‌లోనే చెక్క అచ్చులతో ముద్రించి, చేత్తో రంగులద్దిన పేక అది. నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. పెద్దవాడు ఎవారిస్ట్ విసిగిపోయి, ఆటలో కోసినట్టే పేకను రెండుగా కోసి, పైసగం తను తీసుకుని కిందిసగం తమ్ముడు ఒనొరే వైపు తోశాడు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆ రోజుతో సరి.

ఇది జరిగి ఇరవై యేళ్లు దాటాక సొలాంజ్ వాళ్ల మధ్యకు వచ్చింది. పాత టారో పేకలకు అచ్చుగుద్దినట్టు నకళ్లు తయారుచేసి అమ్మడం ఆమె పని. మరక ఉంటే మరకతో సహా, అంచు అరిగితే ఆ అరుగుదలతో సహా.

వాళ్ల పేకకు నకలు తీస్తానని అడగ్గానే ఒనొరే ఒప్పుకున్నాడు. "పట్టుకెళ్లు తల్లీ. నా సగంలో సూర్యుడున్నాడు, చంద్రుణ్ణి మా అన్న పట్టుకుపోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో పగలే గానీ రాత్రి లేదు. నిద్రెలా పడుతుంది చెప్పు?"

ఎవారిస్ట్ ఇంటికి మాత్రం చెప్పులరిగేలా తిరగాల్సి వచ్చింది. ఊరి శివారు లెస్తాక్‌లో, సముద్రానికి ఎదురుగా, ఒంటరి ముసలాడి ఇల్లు.

"వాడు పంపాడా నిన్ను?"

"లేదండీ, నేనే వచ్చాను. ముక్కలు మీ ఇల్లు కదలక్కర్లేదు. మీ కళ్లముందే ఫొటోలు తీసుకుంటాను."

"నకలు అసలులాగే ఉంటుందా?"

"మీ ముక్కల్ని మీరే పోల్చుకోలేరు," అంది సొలాంజ్. తన పని మీద ఆమెకు అంత గర్వం.

ఎరుపు రంగు కుదరక నెలల తరబడి ఏడిపించింది. చివరికి పేక సిద్ధమైంది. ఇద్దరి సగాలూ ఒక్క పెట్టెలో. మొదటి పెట్టె పట్టుకుని ఆమె ఎవారిస్ట్ వంటింట్లో అడుగుపెట్టింది. బయట మిస్త్రాల్ గాలి తలుపులు బాదుతోంది. ముసలాయన తన చంద్రుణ్ణీ, నకలు చంద్రుణ్ణీ పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి, బొటనవేలితో తడిమి చూశాడు.

"ఏదమ్మా అసలుది?"

ఆమె చూపించింది. ఆయన తల పంకించి, తన ముక్కలన్నీ పోగుచేసుకుని లేచాడు. పొయ్యి తలుపు తీస్తుంటే కట్టె వేయబోతున్నాడనుకుంది. తేరుకునేలోపే కట్ట మంటలో పడింది.

"అయ్యయ్యో! ఏంటండీ ఇది!" అంటూ చెయ్యి లోపలికి పెట్టేసింది. వేళ్లు కాలాయి. సగం మాడిన కత్తుల రాణి ఒక్కటే చేతికొచ్చింది. పాత జిగురు కమురు కంపు వంటిల్లంతా నిండింది.

"ఎందుకలా అరుస్తావు? నీ పెట్టెలో ఉన్నాయిగా," అన్నాడు ఎవారిస్ట్ నింపాదిగా. "నాకు పిల్లా లేదు, జెల్లా లేదు. రేపు నేను పోతే ఇవి వాడి చేతికే పోతాయి. ఇప్పుడు పోవు."

సొలాంజ్ అక్కణ్ణించి తిన్నగా ఒనొరే ఇంటికి వెళ్లింది. తను నకలు తీయకపోతే ఆ ముసలాడికి ఇంత ధైర్యం వచ్చేదా అని దారంతా గుండె పీకుతూనే ఉంది. జరిగిందంతా చెప్పి, కత్తుల రాణిని ఆయన ముందు పెట్టింది. ఒనొరే మాడిన ముక్కను చేతిలోకి తీసుకోలేదు.

"వాడి చేతులేమైనా కాలాయా?" అన్నాడు.

"లేదండీ. నావే."

ఆయన ఆమె వేళ్లకు మందు రాసి గుడ్డ కట్టాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు. "పద, బస్సుంది."

ఒనొరే తన అన్న గుమ్మంలో నిలబడి తలుపు దబదబ బాదాడు. "తియ్యరా ముసలి గాడిదా! కాల్చింది చాలక దాక్కుంటావా?"

"పో!" లోపలి నుంచి కేక. ఇరవై యేళ్ల తర్వాత తమ్ముడితో ఎవారిస్ట్ ఆడిన మొదటి మాట అదే. "ఇక నా దగ్గర నీకేం లేదు, పో!"

"ఏం లేదని తెలిసే వచ్చాన్రా!"

ఒనొరే మెట్టు మీద చతికిలబడ్డాడు. పొద్దు వాలినా తలుపు తెరుచుకోలేదు.

ఆ నకలు పేకను అమ్మాలా వద్దా అని సొలాంజ్ చాన్నాళ్లు కొట్టుమిట్టాడింది. పెట్టెలు అటక మీదే ఉండిపోయాయి. చివరికి అమ్మింది. కొన్నవాళ్లు మెచ్చుకుంటే మాత్రం ఆమెకు వేళ్లు మళ్లీ మండినట్టయ్యేది.

ఒనొరే ఆదివారం ఆదివారం లెస్తాక్ వెళ్లడం మానలేదు. మెట్టు మీద కూర్చుని తిట్టేవాడు. తలుపు వెనక నుంచి తిట్లు తిరిగొచ్చేవి. చలి ముదిరాక ఒక ఆదివారం లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. తలుపు దగ్గరికే, ఇంకా దగ్గరికి. ఆ రోజు ఇద్దరూ పెద్దగా తిట్టుకోలేదు.

క్రిస్మస్ దాటగానే ఎవారిస్ట్ పోయాడు. తాళం తీయించి ఒనొరే ఆ ఇంట్లోకి వెళ్లేసరికి, తలుపుకి ఆనుకుని కుర్చీ ఇంకా అక్కడే ఉంది. శవపేటిక మోసేవాళ్లు అడ్డంగా ఉందని దాన్ని జరపబోతే ఆగమన్నాడు. కాసేపు అందులో కూర్చున్నాడు. తర్వాత తనే లేచి పక్కకు తీశాడు.