చెరిపేసిన చీటీ

ఆ గురువారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న నాయనమ్మ. ఇంటికి ఆనుకున్న పిండి మిల్లులో ఆవిరి పెట్టెల దగ్గర అమ్మ. వాకిట్లో బండి కడుగుతున్న నాన్న. గోడకు తగిలించిన ట్యాబ్ ముందు వదిన యున్‌స్యూల్. పై తరగతివాళ్ళకు పెద్ద పరీక్ష కావడంతో బడికి సెలవొచ్చి, మెట్ల మీద మోకాళ్ళు ముడుచుకుని హారిమ్. అన్నయ్య రేవు పట్నంలో ఉద్యోగం చేస్తాడు, శనివారం గాని రాడు.

అమ్మ ఆవిరికి పెట్టిన పెసరపప్పు త్తొక్, అదే బియ్యప్పిండి రొట్టె, నిన్న సాయంత్రమే హ్వాంగ్ బామ్మ ఇంటికి చేరాల్సింది. ఆ సంగతి ఐదుగురిలో హారిమ్ ఒక్కదానికే తెలుసు.

హారిమ్ నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో పేరు పిలిస్తే పలకడానికే చెవులు ఎర్రబడతాయి. కానీ పదకొండో ఏటి నుంచి మిల్లు ఆర్డర్ల పుస్తకం ఆమె చేతిలోనే ఉండేది. ఊళ్ళో ముసలమ్మలు ఫోన్ చేస్తే అమ్మ పిండి చేతులతో గట్టిగా చెప్పేది, హారిమ్ రాసుకునేది. రోజూ పొద్దున అన్నం దగ్గర ఆ రోజు ఆర్డర్లు చదివి వినిపించేది. ఆ ఇంట్లో ఆమె గొంతు వినబడేది ఆ పది నిమిషాలే. నాన్న కూడా చెంచా ఆపి వినేవాడు. నాయనమ్మ కుండ అడుగున అంటిన అన్నం చెక్క తీసి, "చదివే నోటికి" అని ఆమె గిన్నెలోనే వేసేది.

పుస్తకంలో పేరూ తేదీయే కాదు, ఇంకా చాలా ఉండేవి. ఎవరికి పళ్ళు ఊడిపోయాయో, ఎవరికి నువ్వులు పడవో. కొన్ని ఇళ్ళ పేర్ల కింద గీత ఉండేది. అవి పాత పద్ధతి వదలని ఇళ్ళు. పోయినవాళ్ళకు ఏటా పెట్టే జెసాను ఇప్పుడు చాలామంది ఆ తేదీ సాయంత్రం పెడుతున్నారు. గీత ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం ఆ తేదీ మొదలయ్యే అర్ధరాత్రే పెట్టేస్తారు, కాబట్టి వాళ్ళకు ముందు రోజు సాయంత్రానికే త్తొక్ అందాలి. ఫోనులో చెప్పేటప్పుడు అందరూ చెప్పేది ఒకటే తేదీ. ఎవరిది ఏ పద్ధతో పుస్తకానికే తెలుసు.

వసంతంలో పెళ్ళై వదిన వచ్చింది. సియోల్‌లో ఏదో ఆఫీసులో పనులన్నీ ఒక దారిలో పెట్టే ఉద్యోగం చేసిందట. వేసవి దాటేసరికి మిల్లు పనంతా ఫోనుల్లోకి ఎక్కించేసింది. కొనేవాళ్ళు ఫారం నింపితే చాలు, గోడ మీది ట్యాబ్ బోర్డులో చీటీ వచ్చి కూర్చునేది. చీటీ రాగానే వాళ్ళకు మెసేజ్ వెళ్ళేది. ముందు రోజు ఎన్ని గిన్నెల బియ్యం నానబెట్టాలో అమ్మ ఫోను చెప్పేది.

"ఇదంతా నువ్వే రాశావుటే?" అంది నాయనమ్మ నోరు తెరిచి.

"నేనేం రాయలేదు నాయనమ్మగారూ. ఒక యాప్‌ని తెచ్చి ఇంకో యాప్‌కి ముడేశాను. ఇది జరిగితే అది చెయ్యి అని చెప్పుకుంటూ పోయాను, అంతే."

"మా ఇంటాయనకి నలభై ఏళ్ళు చెప్పాను, ఒక్కటీ చెయ్యలేదు. ఈ గోడ పలక మేలు!"

అందరూ నవ్వారు, హారిమ్ తప్ప. ఆ పూట అన్నం చెక్క వదిన గిన్నెలో పడింది. మర్నాడు వేడి కూర కుండ కింద ఏదో పెట్టారు. చూస్తే తన పుస్తకం. అట్ట మీద గుండ్రంగా కాలిన మచ్చ. హారిమ్ దాన్ని తుడిచి గదిలో దాచుకుంది.

ఇంత జరిగినా వదినను తిట్టుకోవడానికి ఒక్క సాకూ దొరకలేదు. అదే ఎక్కువ మండింది. "హారిమ్, బోర్డులోకి నీ పేరుతో కూడా దారి పెట్టాను. నీ పుస్తకంలో ఉన్నవి చెబుతావా? ఎక్కిద్దాం" అని వదిన రెండుసార్లు అడిగింది.

"నేను చదువుకోవాలి" అంది హారిమ్ రెండుసార్లూ.

మంగళవారం బడి నుంచి వచ్చేసరికి బోర్డు దగ్గర ఎవరూ లేరు. కొత్త చీటీ ఒకటి కనిపించింది. హ్వాంగ్ బామ్మ ఇల్లు, తాతగారి మొదటి ఏడు జెసా, పదమూడో తేదీ గురువారం. ఫారం నింపింది ఊరికి దూరంగా ఉండే కొడుకు. హ్వాంగ్ వాళ్ళ పేరు కింద పుస్తకంలో రెండు గీతలున్నాయి. బతికున్నప్పుడు తాతగారే మిల్లుకు వచ్చి "మా అమ్మకు ముందు రోజే కావాలి, మరిచిపోకు పిల్లా" అని చెప్పి వెళ్ళేవాడు.

హారిమ్ చీటీ తెరిచి 'ముందు రోజే కావాలి' అని రాసింది. రాశాక వేలు ఆగింది. ఇప్పుడు సరిచేస్తే మళ్ళీ పలకే గెలిచినట్టు. అది తప్పు చేస్తుందని ఒక్కసారి తేలాలి, అందరి ముందూ తేలాలి. రాసింది చెరిపేసింది. రేపు బడి నుంచి వచ్చి అమ్మకు చెబుదాంలే అనుకుంది. గంట చాలు, ఉడికిపోతుంది.

బుధవారం సాయంత్రం చెప్పడానికే వంటింట్లోకి వెళ్ళింది. నాయనమ్మ వదిన భుజం నిమురుతూ, "ఈ పిల్ల వచ్చాకే ఈ కొంప దారిన పడింది" అంటోంది. హారిమ్ తెరిచిన నోరు మూసుకుని నీళ్ళు తాగి వచ్చేసింది.

గురువారం ఎనిమిదింటికి హ్వాంగ్ బామ్మ తోపుడు బండి ఆనుకుంటూ తనే వచ్చింది.

"రండి పెద్దమ్మా, దించబోతున్నా. పదింటికల్లా మీ ఇంట్లో ఉంటుంది" అంది అమ్మ.

"పదింటికి ఎవరికమ్మా? రాత్రే వచ్చి వెళ్ళిపోయాడుగా ఆయన."

వెల్లుల్లి వలిచే చప్పుడు ఆగిపోయింది.

"అబ్బాయి త్తొక్ పెట్టే చోట పళ్ళు పెడతానన్నాడు. నేనే వద్దన్నా. మిల్లువాళ్ళు ఎన్నడూ మరవలేదు, వస్తారన్నా. గేటు దగ్గర దీపం ఆర్పలేదు. చివరికి ఖాళీ పళ్ళెం ముందే దండం పెట్టాం." ఆమె కోప్పడలేదు. "ఆయనకి మీ త్తొక్ అంటే ఇష్టం, అందుకని చెబుతున్నా. ఇంకేం లేదు."

వదిన బామ్మ ముందుకు వచ్చింది. నడుం వంచి, "తప్పు నాదే, క్షమించండి" అని అలాగే ఉండిపోయింది. అమ్మ బామ్మను పట్టుకుని బయటిదాకా సాగనంపింది.

వెంటనే అందుకుంది నాయనమ్మ. "ఎవరింట్లో ఏ వేళకి దండం పెడతారో పలకకేం తెలుసే? మా హారిమ్ రాసినన్నాళ్ళు ఒక్క ఇల్లు తప్పిందా?"

ఆ మాట కోసం హారిమ్ మూడు నెలలుగా ఎదురుచూసింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం కడుపు చల్లబడింది.

"ఎక్కడ ముడి తప్పిందో చూస్తాను" అంటూ వదిన ఆ చీటీ తెరిచింది. కింద ఇంకేదో నొక్కింది. వరుసగా పేర్లూ సమయాలూ వచ్చాయి. చీటీని ఎవరు ముట్టుకున్నా, ఏం రాసినా, ఏం చెరిపినా బోర్డు దాచి ఉంచుతుందని హారిమ్‌కు అప్పుడే తెలిసింది. మెట్ల మీద నుంచి అక్షరాలు కనబడలేదు. వదిన వేలు ఒకచోట ఆగడం మాత్రం కనబడింది.

"దొరికిందా?" అంది లోపలికొచ్చిన అమ్మ.

వదిన వెనక్కి తిరగలేదు. "దొరికింది అత్తయ్యా. ఫారంలో ఒక ప్రశ్న పెట్టాల్సింది, ముందు రోజు కావాలా అని. నేను పెట్టలేదు."

ఆ మాటంటూ ట్యాబ్ ఆపేసి తన గదిలోకి వెళ్ళింది.

హారిమ్ తన గదిలోంచి మచ్చపడ్డ పుస్తకం తీసుకుని వదిన గది ముందు నిలబడింది. తలుపు ఓరగా ఉంది. "వదినా" అని మెల్లగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. వదిన వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇందులో అన్నీ ఉన్నాయి. గీతలున్న ఇళ్ళు కూడా. తీసుకో."

"రెండుసార్లు అడిగాను."

"అందరూ నిన్నే..." అంది హారిమ్.

"మంగళవారం నాలుగూ పదికి రాశావు. నాలుగూ పదకొండుకు చెరిపావు." వదిన గొంతు పెంచలేదు. "చీటీ మీద ఎవరేం రాసినా ఐదు నిమిషాలకు అత్తయ్య ఫోనుకి వెళ్ళేలా ముడేశాను. నువ్వు నోరు తెరిచి చెప్పక్కర్లేదు, అలా వదిలేస్తే చాలు. ఆ ముడి నీకోసమే వేశాను హారిమ్. నీకు మాట్లాడటం కష్టమని."

హారిమ్ పుస్తకం అట్ట మీది మచ్చను బొటనవేలితో రుద్దింది.

"ఇంట్లో నేను చెప్పను. ఆ బామ్మకి మాత్రం నువ్వే చెప్పాలి."

"సరే వదినా. పుస్తకం..."

వదిన పుస్తకం వంక చూసింది, చెయ్యి చాచలేదు. విసురుగా కూడా కాదు, మెల్లగా, హారిమ్ ముఖం మీదే తలుపు వేసేసింది.