చివరివాడి గంట

కురోమినే కొండమీద నా గంట మోగిందంటే ఎలుగుబంట్లు పక్కకు తప్పుకుని, తలవంచి దారి ఇచ్చేవి. నలభై ఏళ్లు ఆ కొండమీద బస నడిపినవాణ్ణి, నా మాట నమ్మండి. బసకు వచ్చే ప్రతి పిల్లల గుంపుకీ ఆ ఇత్తడి గంట నేనే ఇచ్చేవాణ్ణి. వరసలో అందరికన్నా చివర నడిచేవాడి సంచికి దాన్ని కట్టాలి. ముందు నడిచి దారి చూపేవాళ్లకి పొగమంచులో మాటిమాటికీ వెనక్కి తిరిగే పని ఉండదు. గంట వినబడుతోందంటే చివరివాడు వస్తున్నట్టే.

ఒక ఏడు వేసవంతా ఆ గంటను నమ్ముకుని పిల్లల్ని ఎక్కించి దింపింది చిహారు. కాలేజీ సెలవుల్లో పనికొచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల. ఆగస్టులో పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండుగ వెళ్లిన వారానికి ఆఖరి గుంపు వచ్చింది. ఆరో తరగతి వాళ్లు పద్నాలుగు మంది, వెంట కురామోచి మాస్టారు. రాత్రి బసలో పడుకున్నారు. పొద్దున్నే వీళ్లను క్షేమంగా దింపి అప్పజెబితే చిహారు పని ముగిసినట్టే.

వాకిట్లో వరస కడుతుంటే ఇత్సుకి అనే పిల్లవాడి సంచికి గంట కట్టింది. వాడు పొట్టివాడు, నిదానం, ఎప్పుడూ చివరే. ఆ పొద్దున వాడికి కడుపు బాగాలేదు. అప్పటికే రెండుసార్లు వెళ్లొచ్చాడు.

"మళ్లీ ఎక్కడికిరా?" అంది చిహారు.

"ఇప్పుడే వస్తా అక్కా. అడవికోడి వేటకి."

మా కొండల్లో పొదచాటుకు వెళ్లడాన్ని అలాగే అంటారు. వెనక వరసలోంచి బొంగురు గొంతు పిల్లవాడొకడు అరిచాడు: "గంట కట్టుకుని వేటేంట్రా నాయనా! ఆ మోతకి కొండ దిగువ ఊళ్లో కోళ్లు కూడా పారిపోతాయి!"

అందరూ పడీ పడీ నవ్వారు. చిహారు కూడా నవ్వింది. ఇత్సుకి చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లకుండా వచ్చి వరసలో నిలబడ్డాడు.

బయల్దేరిన గంటసేపటికే పొగమంచు కమ్మింది. పడమట ఉరుములు మొదలయ్యాయి. రాళ్లవాలు దిగాక మూడు బండలని ఒక చోటుంది, అక్కడ ఆగి తలలు లెక్కపెట్టడం ఆనవాయితీ. మాస్టారు కాలు మెలికపడ్డ పిల్లనొకదాన్ని వీపున మోస్తున్నాడు. చిహారు ఆకాశం చూసింది, చెవి ఒగ్గింది. వెనక గణగణమని గంట వినబడుతోంది.

"ఆగొద్దు! పిడుగులు పడేలా ఉన్నాయి, దిగండి దిగండి!" అని నడిపించింది.

ఇక్కడ నా గొప్ప ఒకటి నేనే విరిచేసుకుంటాను. నా గంటకు ఏ ఎలుగూ తలవంచలేదు. ఒక ఏడు ఓ ఆడ ఎలుగు ఆ చప్పుడుకే తిన్నగా బసలోకి వచ్చి, ముల్లంగి ఊరగాయ పీపా ఊడ్చుకుతిని, దాని పక్కనే కునుకు తీసింది. నేను అటకమీద ఉన్నాను, గంట నా చేతిలో ఉంది. నేను మోగించలేదు. చేతులు వణికి అదే మోగింది.

కింద బస్సు దగ్గర చిహారు లెక్కపెట్టింది. పదమూడు. మళ్లీ పెట్టింది. పదమూడే. గంట హయాతే అనే ఇంకో పిల్లవాడి సంచికి ఉంది.

"ఇది నీ దగ్గరెందుకుందిరా?"

"ఇత్సుకి ఇచ్చాడక్కా. కడుపు నొప్పన్నాడు. కూర్చున్నప్పుడు గంట మోగితే మళ్లీ నవ్వుతారన్నాడు. నువ్వు మోగించుకుంటూ నడువు, పరిగెత్తుకొచ్చి తీసుకుంటా అన్నాడు."

"ఎక్కడ?"

"పైన... రాళ్లవాలుకి ముందు, పొదల దగ్గర."

రెండు గంటల దూరం. పిల్లల్ని మాస్టారితో బస్సెక్కించి, వానలో ఒక్కతే వెనక్కి ఎక్కింది చిహారు. గొంతు పోయేదాకా పిలిచింది.

మర్నాడు మధ్యాహ్నం వెతికేవాళ్లకు దొరికాడు. రాళ్లవాలుకు కుడిపక్క చీలికలో పడి ఉన్నాడు. రాళ్లమీద వేసిన పసుపు గుర్తులు మంచులో కనబడక దారి తప్పాడు. ప్రాణం ఎప్పుడో పోయింది. ఎడమ బూటు తాడు సగమే కట్టి ఉంది. అంత తొందరపడ్డాడు, అందుకోవాలని.

కొండ కింద ఆఫీసు గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. నన్నూ పిలిచారు. ఇత్సుకి తల్లి గోడవారగా కూర్చుంది. ముసలి పోలీసాయన కాగితం ముందేసుకుని అడిగాడు: "చివర గంట కడతారట కదా. అదెవరి దగ్గరుంది?"

హయాతే పెదాలు కదిలాయి.

"నా దగ్గరండీ," అంది చిహారు. బల్లమీద పెట్టిన తన సంచికే వేలాడుతోంది గంట. ఎప్పుడు విప్పి కట్టుకుందో ఎవరూ చూడలేదు. "చివరివాడికి కట్టడం మరిచాను."

"ముందు నడిచేవాళ్లకి గంటెందుకమ్మాయ్?"

"అదేనండీ నా తప్పు."

"మూడు బండల దగ్గర లెక్క?"

"పెట్టలేదు."

మాస్టారు నేల చూశాడు. పన్నెండేళ్ల హయాతే రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఇత్సుకి తల్లి అడిగింది, కోపం కూడా లేని గొంతుతో: "ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూళ్లేదా తల్లీ?"

"చూళ్లేదండీ." చిహారు నుదురు నేలకానించింది. చాలాసేపు ఎత్తలేదు.

వెళ్లేముందు గంట నాకిచ్చింది. మోగకుండా లోపల చేతిరుమాలు కుక్కి ఉంది. "తాతా, ఇది మీది," అంది, అంతే. మళ్లీ ఏ కొండా ఎక్కలేదని విన్నాను.

ఆ రోజు పోలీసాయన నన్నూ అడిగాడు, "పొద్దున బయల్దేరేటప్పుడు ఏమైనా జరిగిందా పెద్దాయనా?" అని. ఏం లేదన్నాను, ఆయనకు టీ పోశాను.

ఇదంతా జరిగిందే, ఒక్కటి తప్ప. వెనక వరసలో ఆ బొంగురు గొంతు పిల్లవాడున్నాడే, వాణ్ణి నేను కల్పించాను. అలాంటి పిల్లవాడు ఆ గుంపులో లేడు. గుమ్మంలో నిలబడి, పిల్లల్ని నవ్విద్దామని, కోళ్ల మాట అన్నది నేను.