పెట్టింది కాదు, వేసింది

రోగుల చేత నిజం కక్కించడంలో పెద్ద సిస్టర్‌ని మించినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆవిడ ముందు నీళ్ళు నమిలి తప్పించుకున్న మనిషి లేడు. "ఏం మింగావో చెప్పు. నీ పరువు నాకెందుకు, నీ కడుపు సంగతి కావాలి" అని గదమాయించేది. రిటైరై మూడేళ్ళయినా ఇంట్లో మొగుడి మీద అదే గొంతు.

అలాంటి మనిషి ఇవాళ పశువుల డాక్టరు గదిలో గచ్చు కేసి చూస్తూ నిలబడింది. బల్ల మీద వాళ్ళ కుక్క పడుంది. దాని పేరు దొర. పేరుకి తగ్గట్టే ఆ ఇంట్లో పెత్తనమంతా వాడిదే. నిన్నటి నుంచి ఆరు వాంతులు.

డాక్టరు చిన్నపిల్ల, కూతురి వయసుంటుంది. తొందరపడే రకం కాదు. తిన్నది తిన్నట్టు జారి పడిందా, డొక్కలు ఎగరేసి కక్కాడా అని అడిగింది. తిన్న వెంటనేనా, కాసేపాగా అని అడిగింది. రంగు అడిగింది. చివరికి, "ఏం పెట్టారు వీడికి?" అంది.

"రోజూ పెట్టేదే. కొత్తగా ఏమీ పెట్టలేదు," అంది పెద్ద సిస్టర్.

అబద్ధం కాదు. ఆవిడ పెట్టలేదు, వేసింది. దొర వెనక కాలు కుంటుతుంటే చూడలేక, తన మోకాళ్ళకి వాడే నొప్పి మాత్ర పూటకొకటి చొప్పున మూడు రోజులు నోట్లో వేసింది. తిండి పెడతారు, మాత్ర వేస్తారు. ఆ ఒక్క మాట చాటున దాక్కుంది మహాతల్లి.

ఇంతలో పక్కనే ఉన్న మొగుడు కల్పించుకుని, తన సాక్సు ఒకటి కనపడటం లేదని, అదే మింగి ఉంటాడని తప్పంతా నెత్తిన వేసుకున్నాడు. ఎక్కడ పడితే అక్కడ విప్పి పారేస్తానని భార్య రోజూ తిడుతూనే ఉంటుందని కూడా చెప్పాడు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. గుడ్డ అందులో సరిగా తెలియదంది డాక్టరు.

దొర మళ్ళీ డొక్కలు ఎగరేశాడు. ఈసారి పడింది కాఫీ పొడి కలిపిన నీళ్ళలా ఉంది. పెద్ద సిస్టర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. కడుపులో పుండు పడి కారిన నెత్తురు అది. వార్డులో అలాంటివి ఎన్ని చూసిందో.

డాక్టరు తలెత్తింది. "మాత్రలేమైనా వేశారా?"

ఆవిడ నోరు విప్పేలోపే ఆయన అందుకున్నాడు. "మా ఆవిడ నర్సండీ. తనుండగా మా ఇంట్లో అలాంటి పిచ్చి పనులు జరగవు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ మాట విన్నాక చెప్పడానికి మొహం చెల్లలేదు.

అయితే సాక్సు పేగులో ఇరుక్కుని ఒరుసుకుందేమో, పొట్ట కోసి చూడాల్సిందేనంది డాక్టరు. ఈ నీరసంలో కోతకి తట్టుకుంటాడో లేదో మాత్రం చెప్పలేనంటూ కాగితం జరిపింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అంతా నా వల్లే," అంటూ సంతకానికి పెన్ను తీశాడు.

"ఆగండి," అంది పెద్ద సిస్టర్. "సాక్సు కాదు. నేనే వేశాను, నా మోకాళ్ళ మాత్ర. రోజుకి రెండు చొప్పున, మూడు రోజులు."

డాక్టరు తిట్టలేదు. మాత్ర పేరు, మోతాదు, చివరిది ఎప్పుడు వేసిందీ రాసుకుని కాగితం వెనక్కి తీసుకుంది. ఒక్క మాట అన్నా బాగుణ్ణనిపించింది ఆవిడకి. తనైతే వార్డు దద్దరిల్లేలా తిట్టేది. ఆయన పెన్నుకి మూత పెట్టి, ఆవిడ వైపు చూడకుండా దొర తల నిమురుతూ కూర్చున్నాడు. ఆవిడకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

సెలైన్ ఎక్కించారు. రెండో రోజుకి వాంతులు ఆగాయి. మూడో రోజు పుండు మానే మాత్ర వేయబోతే దొర పళ్ళు విప్పలేదు, డాక్టరుకీ లొంగలేదు, ఆయనకీ లొంగలేదు.

"మీరు వేస్తారా అమ్మా?" అంది డాక్టరు.

ఆవిడ మాత్ర పేరు పైకి చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. దగ్గరికి వంగింది. ఆ చేతి వాసన తగలగానే దొర తోక ఊపి, ఏమిటని చూడనైనా చూడకుండా నోరు తెరిచాడు.

పెద్ద సిస్టర్ తలెత్తలేకపోయింది.