రెండో కుర్చీ

కృష్ణ పొంగి అచ్చంపేట దిక్కున ఏటి ఒడ్డు చేలన్నీ మునిగిన ఏడాది అది. నీళ్ళు తీశాక చెట్టుకు మిగిలిన పత్తికాయలు సరిగా విచ్చలేదు. జనం వాటిని కోసుకొచ్చి ఇళ్ళ దగ్గర కూచొని వొలుచుకుంటున్నారు. పున్నమ్మ కూడా వసారాలో గోతాం పరుచుకొని వొలుస్తున్నది. అట్లాంటప్పుడు నరసరావుపేట నుంచి వెంకట్రామయ్య వచ్చాడు. రిటైరైన పంతులు, అక్కడి కళాపరిషత్తుకు కార్యదర్శి.

"లేవబాకండమ్మా, మీ పని మీరు చేసుకోండి," అంటూ ఆయనే కుర్చీ లాక్కొని కూచున్నాడు. వచ్చే ఆదివారం టౌన్‌హాల్లో ఆమెకు సన్మానం. కార్డు అచ్చు వేయించి తెచ్చాడు. కోడలు ప్రసన్నలక్ష్మి అందుకొని పైకి చదివింది. "రంగస్థల గాయని పున్నమ్మ, హార్మోనిస్టు బ్రహ్మయ్య దంపతులకు ఘన సన్మానం."

గోడకు ఆనుకొని కూచున్న బ్రహ్మయ్య తల ఎత్తలేదు గానీ చెవి ఇటే ఉంది. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ ఆ మనిషి.

"స్టేజీ మీద రెండు కుర్చీలేస్తాం. ఇద్దరూ పక్కపక్కన కూచుంటారు. ఒకే శాలువా ఇద్దరికీ కప్పుతాం," అన్నాడు వెంకట్రామయ్య. "మీ గురించి మైకులో నాలుగు మాటలు చెప్పాలి గదా. మొదటి నుంచీ చెప్పండి."

పున్నమ్మ పత్తి వొలుస్తూనే చెప్పింది. పద్నాలుగో ఏట మొహానికి రంగు పూసుకోవడం, పౌరాణికాల్లో రాణి వేషాలు, మాచర్లలో, గురజాలలో ఒక్కో పద్యానికి మూడేసి సార్లు వన్స్ మోర్లు. "ఆ తర్వాత పన్నెండేళ్ళు డాన్సు ప్రోగ్రాములకు పాడానండీ. హలీమా ఆడేది, నేను పాడేదాన్ని."

వెంకట్రామయ్య గొంతు సవరించుకున్నాడు. "అది వద్దులే అమ్మా. పద్యం దగ్గర ఆపుదాం. సభకు పెద్దవాళ్ళు వస్తారు. బంగారం లాంటి పేరు మీది."

"అవునత్తయ్యా, మా పుట్టింటోళ్ళు గూడా వస్తారు," అంది ప్రసన్నలక్ష్మి.

పున్నమ్మ ఇంకో కాయ అందుకుంది. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

బంగారం లాంటి పేరు. ఆ పేరు ఎవరు చేస్తే వచ్చింది? ఆ ప్రశ్న ఆ రోజంతా ఆమెను వదల్లేదు. రాను రాను నాటకాలు ఎండాకాలానికే మిగిలాయి. మిగతా నెలలు పని లేదు. అప్పుడు బతికించింది డాన్సు ప్రోగ్రాములే. రికార్డింగ్ డాన్సు అని జనం అనేవాళ్ళు గానీ అక్కడ రికార్డు లేదు. పక్క తెర చాటున మైకు పట్టుకొని నిలబడిన పున్నమ్మే ఆ రికార్డు. ముందర లైట్ల కింద హలీమా. పాటా ఆటా ఒక్క మనిషిదే అన్నట్టు ఉండేది. తెల్లవారి లారీ దిగి ఇంటికొస్తే బ్రహ్మయ్య కాళ్ళు కడుక్కొని పడుకునేవాడు. "రాత్రంతా వాయించొచ్చాడు, లేపబాకండి," అని అత్త పిల్లల్ని కసిరేది. పున్నమ్మ కళ్ళాపి చల్లి, బావిలో నీళ్ళు తోడి, పొయ్యి ముట్టించాలి. ఆవులింత వస్తే తప్పు. "నోరేగా ఆడింది, చేతులు ఆడలేదు గదా, అంత అలుపేందే నీకు?" అనేది అత్త. హలీమా ఎప్పుడన్నా చూడ్డానికొస్తే అరుగు మీదే కూచోబెట్టేవాళ్ళు. ఆమె టీ తాగే గ్లాసు చూరులో విడిగా దోపి ఉండేది. "పాడేటోళ్ళు వేరు, ఆడేటోళ్ళు వేరు. దాంతో ఊళ్ళో తిరగబాక," అనేవాడు బ్రహ్మయ్య. ఆయన మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

కోటప్పకొండ తిరునాళ్ళలో ఒకసారి, ఎత్తుగా దీపాలతో కట్టిన ప్రభ ముందు ప్రోగ్రాం. పున్నమ్మకు ఏడో నెల. రెండో పాట కాకముందే కుర్రాళ్ళు అరుపులు మొదలుపెట్టారు. "ఆ పాడేదాన్ని బయటికి రమ్మనండి! మొహం చూడాల!" చెరుకు ముక్క ఒకటి వచ్చి తెర కర్రకు తగిలింది. ట్రూపు ఓనరు పరిగెత్తుకొచ్చి, "ఒక్కసారి కనపడి పోవమ్మా, లేకపోతే పందిరి పీకేస్తారు," అని బతిమాలాడు. బ్రహ్మయ్య తల వంచుకొని వాయిస్తూనే ఉన్నాడు. పున్నమ్మ కొంగు కడుపు మీదికి లాక్కొని కదలబోయింది. అంతలో హలీమా వచ్చి రెండు భుజాలూ పట్టుకొని ఆమెను వెనక్కి నిలబెట్టింది. "నువ్వు కదలబాకక్కా. నువ్వు పాడు. చూపులు నాకలవాటే." ఆ మాట అని లైట్లోకి పోయింది. అరుపులు ఈలలయ్యేదాకా ఆడింది. దిగొచ్చేటప్పటికి గజ్జెల కింద చర్మం లేచిపోయి ఉంది.

ఆ తర్వాత అత్త ఊరంతా చెప్పుకుంది. "మా కోడలు డాన్సులకు పాడిందే గానీ తెర దాటి అడుగు బెట్టలేదు." నిజమే. ఆ తెర ముందు ఎవరు నిలబడితే ఈ మర్యాద నిలబడిందో ఎవరూ అడగలేదు. పాట విన్నవాళ్ళు పున్నమ్మను మెచ్చుకున్నారు. అదే పాట చూసినవాళ్ళు హలీమాను తిట్టుకున్నారు. ఇప్పుడు శాలువా వస్తున్నది. అది కూడా చేసిన పనిలో సగానికే.

మర్నాడు మధ్యాహ్నం బ్రహ్మయ్య కొత్త పంచె మడత విప్పి అంచు చూసుకుంటున్నాడు. సన్మానానికని కొడుకు కొనిచ్చింది. పొద్దున క్షవరం కూడా చేయించుకున్నాడు. ఆ సంబరం చూస్తే పున్నమ్మకు నోరు రాలేదు. అయినా చెప్పింది.

"ఏవయ్యా, ఆ రెండో కుర్చీలో హలీమా కూచుంటది."

బ్రహ్మయ్య పంచె మడిచాడు. చాలాసేపు మడిచాడు.

"కార్డు అచ్చేశారు గదా," అన్నాడు.

"అచ్చేస్తే ఏంది?"

పంచె పక్కన పెట్టాడు. "మరి నేను?"

"అప్పుడు యాడున్నావో ఆడే. హార్మోనీ కాడ. నేను పాడతా."

ఆయన ఔననలేదు, కాదనలేదు. యాభై ఏళ్ళుగా ఆ మౌనం ఎదురైన ప్రతిసారీ పున్నమ్మ దాన్ని కాదనే అనుకొని వెనక్కి తిరిగేది. ఈసారి అదేంటో కనుక్కోవాలని అనిపించలేదు. చెప్పులేసుకొని నరసరావుపేట బస్సెక్కింది.

హలీమా స్టేషను వెనక సందులో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ బతుకుతున్నది. సంగతి విని సూది పక్కన పెట్టింది.

"యా అల్లా! నీకు మతి పోయిందా అక్కా? ఆ పెద్దోళ్ళ మధ్యన నేనా? నా పేరెత్తితే నీ పేరు పోద్ది."

"పోనీయవే. ముసల్దాన్ని, పేరు ఏం చేసుకోను?"

"మీ ఆయన?"

"ఆయన వాయిస్తడు."

"ఒప్పుకున్నాడా?"

"అడగలా."

హలీమా పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నేను రానంటే?"

"నేనూ పోను. శాలువా వాళ్ళే కప్పుకుంటారు."

"బెదిరిస్తున్నావా? సరే, ఏం చీర కట్టుకోమంటావు, చమ్కీలదేనా?" అంది. ఆ వెంటనే గొంతు మారింది. "అందరూ చూస్తారక్కా."

"నన్నూ చూస్తారు గదా. ఈసారి నేనూ బయటే ఉంటా."

ఆదివారం టౌన్‌హాలు నిండింది. వెంకట్రామయ్య మైకులో పద్యాల గురించి, రాణి వేషాల గురించి చక్కగా చెప్పి, "దంపతులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నాడు. పున్నమ్మ ముందు, బ్రహ్మయ్య వెనక మెట్లెక్కారు. వెనక ఆయన అడుగుల చప్పుడు ఎక్కడ ఆగుతుందా అని పున్నమ్మ చెవులు రిక్కించింది. అడుగులు కుర్చీ దగ్గర ఆగలేదు. బ్రహ్మయ్య దాన్ని దాటిపోయి, పక్కన చాప మీద ఉన్న హార్మోనీ ముందు కూచున్నాడు.

"బ్రహ్మయ్య గారూ, ఇటు, ఇటు," అని వెంకట్రామయ్య చెయ్యి ఊపాడు. ఆయన హార్మోనీ గాలితిత్తి విప్పుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

పున్నమ్మ మైకు తీసుకుంది. "ఈ కుర్చీ హలీమాది. పన్నెండేళ్ళు నేను పాడిన పాటలకు ఆమె ఆడింది. డాన్సు పాటలే, దాచేదేం లేదు. మీలో చానామంది చూసే ఉంటారు. నన్ను తెర వెనక దాచి ఆమె లైట్లో నిలబడ్డది. మీరు నన్ను మెచ్చుకున్నారు, ఆమెను మాటలన్నారు. మేం చేసింది ఒక్క పనేనయ్యా. హలీమా, రావే."

వెనక వరస నుంచి నీలం చీరలో, మోకాళ్ళ నొప్పితో ఒక్కో అడుగూ వేసుకుంటూ హలీమా వచ్చింది. ముందు వరసలో ఒకాయన లేచి బయటికి పోయాడు. ప్రసన్నలక్ష్మి పుట్టింటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళ వైపు ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మిగతావాళ్ళు. వెంకట్రామయ్య కాసేపు శాలువా చేతిలోనే పట్టుకొని నిలబడి, చివరికి ఇద్దరి భుజాల మీదుగా కప్పాడు. ఫొటోలు తీశారు. బ్రహ్మయ్య శ్రుతి ఇచ్చాడు. పున్నమ్మ పద్యం పాడలేదు. తిరునాళ్ళ పాట పాడింది. గొంతు రెండు చోట్ల జీరబోయింది. ఆ రెండు చోట్లా హలీమా చెయ్యి గాల్లో తిరిగి పాటను అందుకొని ముందుకు పంపింది. కూచున్నచోటే, నడుము కదలకుండా.

తెల్లవారి పేపరు వచ్చింది. జిల్లా పేజీలో ఫొటో, ఒక్క శాలువా కింద ఇద్దరు ఆడవాళ్ళు. కింద రాసింది ప్రసన్నలక్ష్మి చదివింది. "పున్నమ్మ, బ్రహ్మయ్య దంపతులకు ఘన సన్మానం." సభ జరక్కముందే పరిషత్తువాళ్ళు రాసి పంపిన వార్త అది. పేపరువాళ్ళు దాన్నే వేశారు.

"మీరు కూచోకపోయినా కూచోబెట్టారు మామయ్యా!" అని ప్రసన్నలక్ష్మి నవ్వింది. బ్రహ్మయ్య పేపరు తీసుకున్నాడు. మూడో తరగతితో ఆగిన చదువు. అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ తన పేరు దాకా పోయాడు. పేపరు చంకన పెట్టుకొని, టీ కూడా తాగకుండా బయల్దేరాడు.

"యాడికయ్యా?" అంది పున్నమ్మ.

"పేటకి."

పదింటికి ఫోను మోగింది. పేపరాఫీసు విలేకరి. "అమ్మా, ఇక్కడొక పెద్దాయన వచ్చి కదలడం లేదు. వార్తలోంచి తన పేరు తీసెయ్యమంటున్నారు. ఇట్లా ఎవరూ అడగరమ్మా, పేరు వెయ్యమనే వస్తారు. ఆయన మీవారేనా? నిజమేనా?"

పున్నమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఫోనులో వెనక నుంచి బ్రహ్మయ్య గొంతు వినబడుతున్నది. అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట రావడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆమెనెందుకయ్యా అడగడం? నేను చెప్తున్నా గదా. ఈమె నా ఇంటామె, పాడింది. పక్కన ఉండేది హలీమా, ఆడింది. తిరునాళ్ళలో ఆరోజు నేను తలెత్తకుండా వాయించుకుంటా కూచున్నా, అంతే. హలీమా అని రాయి. నా ముందరే రాయి, చదువుకొని పోతా."