రంగత్ రక్తం

పుష్పవతి చేప తోముతుంటే మొగుడు యేసురాజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "రెండు మిక్సీల్లో ఏది బాగా తిరుగుద్దో చెప్పడానికి రెండు నెలలా? కమాల్ చేస్తున్నావే!" అత్త ఎలీసబెతు అందుకుంది. "ఆ రెండు నెలల్లో ఒక్క ఆదివారమైనా గుడికి టయానికి వచ్చిందేటి?" పుష్పవతి చేపను గిన్నెలో వేసి చేతులు కడుక్కుంది. బదులు చెబితే మాట పెరుగుతుంది, బస్సు పోతుంది. ఒళ్ళు మండింది మాత్రం నిజం.

మిక్సీలట! రక్తంలోని కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుగులోంచి పంపి లెక్కపెట్టే యంత్రాలవి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె పనిచేసే ల్యాబ్‌కి ఒకటి కొనాలి. కంపెనీలు చూడమని పంపిన రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే రక్తాన్ని రెండింట్లోనూ నడిపి చూసింది. కణాలను గుర్తుపట్టడానికి అంటించే రంగుల్లో పెద్దది ఎక్కువ రకాలు పట్టుకుంటుంది, కాదనదు. కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రెండు గంటలు అలుగుతుంది, అచ్చం ఇంట్లో మగవాళ్ళలాగే. చిన్నది ఇరవై నిమిషాల్లో సిద్ధం. మధ్య అండమాన్‌లోని రంగత్‌లో పొద్దున్నే తీసిన రక్తం బస్సెక్కి, జార్వా ఆదివాసుల అడవి గేటు దగ్గర, బళ్ళన్నిటినీ గుంపుగా దాటించే కాన్వాయ్ కోసం పడిగాపులు పడి, ఎప్పటికో ల్యాబ్‌కి చేరుతుంది. దానికి ఇంకో రెండు గంటల ఓపిక ఉండదు. అది పాడైతే అక్కడి మనిషి మళ్ళీ సూదికి చెయ్యి చాపాలి. గత నెల ఒక బాలింత మూడుసార్లు చాపింది. అందుకే చిన్నదే కొనాలని పుష్పవతి రిపోర్టు ముగించింది.

ల్యాబ్ పెద్ద నారాయణమూర్తి ఆ రిపోర్టే తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. అంకెలన్నీ ఆమెవే. చివరి వాక్యం మాత్రం మారిపోయింది. పెద్దదే అనుకూలం అట.

"సార్, నేనిలా రాయలేదు."

"పెద్ద మెషీన్ ఉంటే ఢిల్లీలో మనకి ఇజ్జత్ ఉంటుందమ్మా. ఏది కొనాలో తేల్చే కమిటీతో నేను మాట్లాడతాలే. పరీక్షించినవాళ్ళ సంతకం కావాలట, పెట్టేసి వాళ్ళకి టీ సంగతి చూడు."

ఇంట్లో అయినా ఇక్కడ అయినా అంతే. చాకిరీ తనది, చివరి మాట వాళ్ళది. ఇంట్లో అయితే తన ఒక్కదాని ఒళ్ళే మండుతుంది. ఇక్కడ సంతకం పెడితే రంగత్‌లో ఎన్ని చేతులు మళ్ళీ పొడిపించుకోవాలో ఆమెకు తెలుసు.

"పెట్టమ్మా, వాళ్ళొచ్చి కూర్చున్నారు."

పుష్పవతి పెన్ను తీసింది. చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. పక్కన "ఈ మాట నాది కాదు, చిన్నదే కొనాలి" అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, కాగితం తానే పట్టుకుని కమిటీ గది తలుపు తోసింది.