ఇది ఆమె చేయి కాదు

ముందుగా రొద వినిపించింది. గాజుసీసాలో చిక్కిన తుమ్మెద తిరుగుతున్నట్టు, సన్నగా, ఆగకుండా.

“మళ్ళీ అదే,” అంది అత్త.

మేనకోడలు బల్ల కిందినుంచి తల బయటపెట్టింది. రేడియో సెట్టునూ కంప్యూటర్‌నూ నేరుగా వైరుతో కలిపితే ఇలాగే మూలుగుతుంది. అందుకే ఆమె కొత్త డబ్బీ తెచ్చింది. దానికి ఒకవైపు యూఎస్‌బీ తీగ, రెండోవైపు రేడియోకు వెళ్ళే తీగ. శబ్దాన్ని దాటనిస్తుంది; మూలుగును గడప బయటే నిలబెడుతుంది. తగిలించగానే గది తేటపడింది.

“అగ్గిపెట్టెంత లేదు. ఇది నా బదులు మాట్లాడుతుందా?”

“నువ్వు చెప్పు, నేను టైపు చేస్తాను. చుక్కా గీతా అదే కొడుతుంది. మీ చుక్కలాయనకి చక్కగా వినపడుతుంది.”

“నోరు కాస్త అదుపులో పెట్టుకోవే.”

చుక్కలాయన అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. పాతికేళ్ళుగా ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి, ఎక్కడో దూరపు ఊరినుంచి ఆయనా, ఈ గదినుంచి అత్తా రేడియో మీద, చుక్కలూ గీతల తంతిభాషలో పలకరించుకునేవారు. ముఖాలు చూసుకోలేదు, గొంతులు వినలేదు. మైకులు ఇద్దరికీ ఉన్నాయి, ఇద్దరూ ముట్టుకోలేదు. నాలుగు నెలల క్రితం అత్త చేతులు వణకడం మొదలైంది. తంతి కొట్టే మీట మీద వేలు నిలవదు. ఆయన మాత్రం పిలుస్తూనే ఉన్నారు: రేడియోలో పేరుకు బదులు వాడే ఆమె సంకేతాక్షరాలు, కొంత నిరీక్షణ, మళ్ళీ ఆ అక్షరాలే. ఆమె వింటూ కూర్చునేది. పోయిన వారం ఆయన ఇంకో మాట చేర్చారు: ఇల్లు మారుతున్నాను, అక్కడ డాబా లేదు, ఏరియల్ దింపేస్తున్నాను, వచ్చే ఆదివారమే ఆఖరు.

ఆ ఆదివారం ఇదే.

ఏడయింది. పిలుపు వచ్చింది.

“నేనే, ఉన్నాను అని కొట్టు,” అంది అత్త. డబ్బీ మీద చిన్న దీపం వెలిగింది. చుక్కలూ గీతలూ ముత్యాలు గుచ్చినట్టు, ఒక్కటీ అటూఇటూ కాకుండా వెళ్ళాయి. చివర్లో కంప్యూటర్‌కు ఏదో సందేశం వచ్చి టింగుమంది. అదీ గాలిలోకి వెళ్ళింది.

“గంట కూడా కొట్టావు. బడి వదిలారనుకుంటారు.”

జవాబు మొదలైంది. మేనకోడలికి ఆ భాష రాదు. అత్త వింటూ పలికింది. “ఎవరు మీరు? ఇది ఆమె చేయి కాదు.”

అత్త గీతను కాస్త సాగదీసేది. చివరి చుక్క ముందు, ఏదో తలచుకున్నట్టు, ఆగేది. ఆయన ఆమెను ఆ ఆగడంలోనే ఎరుగుదురు. యంత్రానికి అలా ఆగడం రాదు.

“చేతులు బాగాలేవని చెప్పనా?”

“చెప్పు.”

ఈసారి జవాబు ఆలస్యమైంది. అత్త గొంతు తగ్గింది. “ఆమె పోయిందా? ఆమె సెట్టు మీకెలా వచ్చింది? నిజం చెప్పండి.”

అత్త కుర్చీని మేనకోడలి వైపు జరుపుకుంది.

“ఉన్నానని ఎలా నమ్మించాలే?”

“ఈ డబ్బీలోంచి గొంతు కూడా వెళ్తుంది అత్తా. మైకు పెట్టుకో.”

“వింటే మాత్రం? నా గొంతు ఆయనకేం తెలుసు.”

“నీకు తప్ప ఎవరికీ తెలియంది ఏదీ లేదా?”

అత్త కిటికీ వైపు తిరిగింది. “ఆయన పేరు. అందరికీ ఆయన సంకేతాక్షరాలతోనే తెలుసు. పేరు ఒక్కసారే కొట్టారు, మొదటి ఏడాది. నేను తిరిగి కొట్టలేదు.”

“చెప్పు, టైపు చేస్తాను.”

“అది నువ్వు కొట్టేది కాదు. మాటలు నడిచే చోటికి రమ్మను ఆయన్ని.”

మేనకోడలు అత్త చెప్పిన ఫ్రీక్వెన్సీ అంకెలు పంపి, సెట్టును అక్కడికి తిప్పింది. వానలాంటి సవ్వడి తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆ సవ్వడిలోంచి సన్నని ఈల లేచి, సర్దుకుని, ఆగింది. అవతల ఎవరో తమ సెట్టు సరిచూసుకున్నారు.

అత్త మైకు అందుకుంది. పాతికేళ్ళు వేళ్ళ కొసల్లో ఉన్నది గొంతులోకి రావడానికి కొంత సమయం పట్టింది.

“శోభనాద్రి గారూ.”