ప్రార్థన కోర్వని పెట్టె

ప్రచండమార్తాండ కిరణతాపమునకు కొల్లేటి నీరు నానాటికి వెనుకంజ వేయుచు నొడ్డున విడిచిపోయిన బురద పెంకులు పెంకులుగా పగిలి గాలికి గలగల మ్రోయుచుండగా, చెరువులలోని చేపలు నీటికంటె గట్టే చల్లగా నున్నదని తలంచి గట్టెక్కి తాటినీడను పరుండెనని యచ్చటి వృద్ధులు ప్రమాణపూర్వకముగా చెప్పుకొను నొకానొక గ్రీష్మమున, శనివారపు అపరాహ్ణవేళ, బాతులలంక ప్రార్థనామందిరమునందు చాపలపై కూర్చున్న సంఘమంతయు నొక టీవీ వంకను దాని వెనుక వ్రేలాడు సబ్బుబిళ్లయంత నల్లపెట్టె వంకను మార్చి మార్చి చూచుచు వేడిపెనముమీది పేలాలవలె నొక్కచోట నిలువలేక మెదలుచుండెను.

పట్టణమునందలి పెద్ద మందిరమున మరునాటి యుదయము జరుగనున్న మహాసభను ఆ పెట్టె ఇంటర్నెట్టునుండి గ్రహించి టీవీపై చూపవలసియున్నది. లంకవారి కందఱకును అది వేడుక. సువార్తమ్మకు మాత్రము ప్రాణము. ఏలయన ఆ యిల్లాలు తన తొలియౌవనమున మోకాటిలోతు బురదలో నడుము వంచి వరి నాటుచు, గట్టుమీదినుండి నారుకట్టలు విసరుచున్న పెనిమిటి జకరయ్య వినునట్లు “నారువంటి నన్ను తెచ్చి నీ మడిలో నాటవయ్యా” యని కట్టి పాడిన పాటను మునుపటి పాస్టరుగారు పట్టణమునకు కొనిపోగా, అది చేతులు మారి నోళ్లు మారి తుదకు మహాసభలో ప్రారంభప్రార్థన ముగిసినవెంటనే గాయకబృందము పాడుటకు నిర్ణయింపబడెను. తన నోట పుట్టిన పాట పరుల నోట నెట్లుండునో బ్రతికియుండగా నొక్కపరి వినవలయునని యామె కోరిక.

క్రొత్తగా వచ్చిన పాస్టరు ఎలీషాగారు తన సెల్లుఫోనును పెట్టెకు జతపఱచి యేవేవో మీటలు నొక్కగా టీవీపై పట్టణపు మందిరము తళుక్కున మెఱసెను. జనులు చప్పట్లు చఱచిరి. అంతలో సంఘపెద్ద గిద్యోను లేచి “అయ్యగారూ! పలుగైనను పారయైనను ప్రార్థింపక వాడుట మన లంకలో లేదు. ఈ పెట్టె మాత్ర మేమి యెక్కువదా?” యనెను. అందఱును కన్నులు మూసికొనిరి. పాస్టరుగారు ప్రార్థించిరి. ఆమేన్ అని కన్నులు తెఱచునప్పటికి టీవీ నల్లనై పెట్టె యెఱ్ఱని కంటిని మిణుకు మిణుకుమనిపించుచు మొదటికి వచ్చియుండెను. అది మరల తెలివి తెచ్చుకొనుటకు కోడి గ్రుడ్డుపెట్టి లేచి యూరెల్ల చాటి వచ్చునంత సేపు పట్టెను. బొమ్మ వచ్చెను. కృతజ్ఞతాప్రార్థన చేసిరి. బొమ్మ పోయెను. ఈ తూరి పట్టుదలతో ప్రార్థించిరి. అదియు నట్లే యయ్యెను.

“ప్రార్థన చెవినిబడినంతనే పరుగిడువా డెవడో గ్రంథము చదివినవారికి నేను చెప్పవలయునా?” యని గిద్యోను గడ్డము నిమురుకొనెను. తల్లులు బిడ్డలను వెనుకకు లాగికొనిరి.

“గిద్యోనుగారూ! వైరు వదులై యుండును” అని పాస్టరుగారు చెమట తుడిచికొనిరి.

“వైరైనచో సరిగా ప్రార్థనవేళనే వదులగునా? మా తోడల్లుడును ఇట్టివాడే. కోతలనాడే నడుము నొప్పి వచ్చును. రేపు మఱియొకసారి యిట్లు చేసెనా, ఈ పెట్టెను కాలువలో కలిపెదను.”

ఆ మూడవ ప్రార్థనవేళ సువార్తమ్మ తాళజాలక యొక కన్ను తెఱచియుండెను. ఆమె చూచినది చెప్పుటకు ముందు చదువరులకు ఆ మందిరపు మర్యాద యొకటి చెప్పవలెను. అచ్చటి పంకాలు మిక్కిలి పాతవి. అవి తిరుగునపుడు బియ్యపు మిల్లు సిగ్గుపడును. మందిరపు కావలి జకరయ్యకు చెవులు మందము. కావున “ప్రార్థించుకొందము” అను మాట పుట్టి తలలు వంగుట చూచినతోడనే యాతడు కన్నులు మూసికొనియే గోడనున్న మెయిన్ స్విచ్చి నార్పి, “ఆమేన్” అను మాటతో మరల వేయుచుండెను. ఎల్లరి కన్నులు మూసియుండుటచే ఆ చేతి నెవ్వరును ఎఱుగరు. పంకాలు నిలుచుట ప్రార్థనలో నొక భాగమనియే జనులు తలంచియుండిరి. ఎలీషా పాస్టరుగారైతే తాను నోరు తెఱచినంతనే గాలియు స్తంభించునని తన యత్తవారింట వినయపూర్వకముగా చెప్పుకొనియుండిరి.

ఇంటికి పోవు గట్టుమీద సువార్తమ్మ “మామా! పెట్టెకు దయ్యము పట్టలేదు. దానిని చంపుచున్నది నీ చేయి!” యని కొంగలు లేచిపోవునట్లు అఱచెను.

“నా చేయియా? నీ వెట్లు చూచితివి?”

“కంటితో.”

“ప్రార్థనవేళనా!”

“ఒక్క కన్నే తెఱచితిని మామా. రెండవది ప్రార్థించుచునే యున్నది.”

జకరయ్య నిలిచిపోయెను. “పంకాలు తిరుగుచుండగా అయ్యగారి మాట యొక్కటియు నా చెవి చేరదు. ఏమి యడిగిరో యెఱుగకయే ఆమేన్ అని తల యాడించుటకు నే నేమి గంగిరెద్దునా?”

“నా పాటకై రేపొక్కనాడు గంగిరెద్దువు కమ్ము.”

వృద్ధు డేదియో చెప్పబోయి మానెను. పిమ్మట “అట్లే యగుదును. గిద్యోనునకు మాత్రము చెప్పకుము. మందిరపు తాళపుచెవి నా మొలనుండి పోవును” అనెను.

ఆదివారము మందిరము క్రిక్కిఱిసెను. పంకాలు ఘూర్ణిల్లుచుండెను. పెట్టె వెలుగుచుండెను. పట్టణపు పెద్దగురువు టీవీలో చేతులెత్తి “ప్రార్థించుకొందము” అనగానే తలలన్నియు వంగెను. జకరయ్య తన కుడిచేతిని తొడక్రింద నదిమికొని కూర్చుండెను. అయినను ఆ చేయి మెల్లగా జాఱి, అలవాటుపడిన యెద్దు కాడి దింపినంతనే కొట్టము దారి పట్టినట్లు, స్విచ్చివైపు ప్రాకసాగెను. ఈ పర్యాయము రెండు కన్నులును తెఱచియే కూర్చున్న సువార్తమ్మ దిగ్గున లేచి, ఆ మందిరము కట్టిననాటినుండి యే స్త్రీయు దాటని నడిమి త్రోవ దాటి పురుషులలోనికి పోయి పెనిమిటి మణికట్టు పట్టుకొనెను.

ఆమేన్ అనిరి. కన్నులు తెఱచిరి. పెట్టె చావలేదు.

“అమ్మా! ఇది మగవారి వరుస!” యని గిద్యోను నోరు తెఱచునంతలో టీవీలో పాట యెత్తుకొనిరి. తెల్లని యంగీలు ధరించినవా రెందఱో వాద్యములతో కలసి “నారువంటి నన్ను తెచ్చి” యనగానే సువార్తమ్మ యొడలు ఝల్లుమనెను. బురదలో పుట్టిన మాట పాలరాతి మందిరమున ప్రతిధ్వనించుచుండెను. ఆమె యానందబాష్పములతో పెనిమిటి వంక తిరిగెను. అతడు టీవీని గాక ఆమె మొగమును చూచుచు, ఆమె సంతోషించినపుడెల్ల తానును నవ్వి తల యాడించుచుండెను. గంగిరెద్దువలె నాడించుచుండెను. నిన్న గట్టుమీద నాత డేమి చెప్పబోయి మానెనో యామెకు అప్పుడు తెలిసెను.

తోడనే సువార్తమ్మ లేచి తన చేతితో తానే మెయిన్ స్విచ్చి నార్పెను. పంకాలు నిలిచెను. పాట చరణము నడుమ తెగెను. జనులు హాహాకారము చేసిరి.

“ఎంతపని చేసితివి! నీ పాటయే గదా!” యనుచు గిద్యోను ఆ స్విచ్చి వంకను నిలిచిన పంకాల వంకను చూచి “ఓహో, నిన్నటి దయ్యపు గూడు ఇచ్చటనా!” యని జకరయ్య మొల నున్న తాళపుచెవిని కొఱకొఱ చూచెను.

“నా పాటయే యన్నా. మొదట విన్నవాడు నేడు వినలేదు” అని యామె చాపపై కూలబడి పెనిమిటి చెవికి నోరు చేర్చి మొదటినుండి పాడసాగెను. ఆ నిశ్శబ్దమున ప్రతి మాటయు చివరి చాపదాక వినవచ్చెను. గిద్యోను ఒత్తిగిల్లి ఆమెకు చోటిచ్చెను. చెమటలు కాఱుచున్నను విసరుకొన్నవాడు లేడు. పాట ముగిసినపిమ్మట జకరయ్య, ఏమి యడుగబడెనో ముమ్మాటికి నెఱిగినవాడై, గట్టిగా “ఆమేన్” అనెను.

టీవీ వెనుక నల్లపెట్టె తన యెఱ్ఱని కంటిని మూసికొని, లంకలో నెల్లరికంటె నిష్ఠగా ప్రార్థించుచున్నదో యన్నట్లు వ్రేలాడుచుండెను.